ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత ఎలా ఉంటారు? ఇంట్లో స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్లు, తెలిసినవాళ్లు చెప్పండి

పొదలకూరు అక్క:
అందరికీ నమస్కారం. మాది పొదలకూరు పక్కన పల్లె, నిమ్మతోటల ఊరు. మా తమ్ముడికి 34 ఏళ్లు. 22వ ఏట, మద్రాసులో ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉండగా జబ్బు బయటపడింది. ఫ్యానులో మైకు పెట్టి తన మాటలు వింటున్నారని హాస్టల్ గదిలో ఫ్యాను రెక్కలు విప్పి మంచం కింద దాచాడు. ఇంటికి తీసుకొచ్చాక గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించాం, ఏ.ఎస్.పేట దర్గాలో నలభై రోజులున్నాం. డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి ఏడాది కావొచ్చింది. ఆ ఏడాది గుర్తొస్తే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

పన్నెండేళ్లలో మూడుసార్లు తిరగబెట్టింది. నాలుగేళ్లుగా నెమ్మదిగానే ఉన్నాడు, కానీ మనుషుల్లో కలవడు, స్నానానికి రెండుసార్లు చెప్పాలి. పోయిన నెల మా డాక్టరుగారు ఊళ్లో లేకపోతే వేరే ఆయన దగ్గరికి వెళ్లాం. ఫైలు అటూ ఇటూ తిప్పి ‘పన్నెండేళ్లయింది కదమ్మా, ఇంక ఇంతే, ఆశలు పెట్టుకోవద్దు’ అన్నారు. తమ్ముడు పక్క కుర్చీలోనే ఉన్నాడు. వచ్చేటప్పుడు బస్సులో చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుని, ఊరు దగ్గర పడ్డాక ‘అక్కా, ఇంతే అంటే ఎంత?’ అని అడిగాడు.

నా దగ్గర జవాబు లేదు. నెట్లో వెతికితే ఒకచోట ఏడుగురిలో ఒకరే కోలుకుంటారని ఉంది, ఇంకోచోట సగంమంది, మరోచోట మూడింట రెండొంతుల మంది. ఏది నమ్మమంటారు?

గూడూరు–మద్రాసు:
అక్కా, మూడూ నిజమే. నేను మద్రాసులో మానసిక ఆరోగ్య పరిశోధనల్లో కొన్నేళ్లు ఫీల్డు పని చేశాను, రోగుల ఇళ్లు వెతుక్కుంటూ తిరిగే పని. కాబట్టి నాకు తెలిసినంత చెప్తాను, పొడుగైతే ఏమనుకోవద్దు.

ఏడుగురిలో ఒకరు అన్న లెక్క 2013లో ఫిన్లాండ్‌కి చెందిన యాస్కెలాయినెన్ బృందం 50 అధ్యయనాలు కలిపి చూసి చెప్పింది, 13.5 శాతం. కానీ వాళ్లు ‘కోలుకోవడం’ అనడానికి పెట్టిన కొలత చాలా గట్టిది. లక్షణాలు దాదాపు పోవాలి, పనీ నలుగురితో ఉండటమూ బాగుండాలి, వాటిలో కనీసం ఒకటి రెండేళ్లపాటు నిలవాలి. మాత్ర వేసుకుంటూ, అప్పుడప్పుడూ ఎవరూ లేకుండానే గొంతులు వినిపిస్తున్నా కొట్టు నడుపుకుంటూ పిల్లల్ని చదివించుకునే మనిషి ఈ లెక్కలోకి రాకపోవచ్చు. మీ దృష్టిలో అతను బాగున్నట్టా కాదా?

సగం అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పాత అధ్యయనాల్లోని రోగుల్ని 15 ఏళ్లకీ 25 ఏళ్లకీ మళ్లీ వెతికి చూసినది, 2001లో వచ్చింది. మొత్తం 1,633 మంది, రకరకాల దేశాలు, మన ఆగ్రా, చండీగఢ్, మద్రాసు కూడా ఉన్నాయి. దొరికినవాళ్లలో దాదాపు సగంమంది బాగున్నారు. నాకు అందులో బాగా గుర్తుండిపోయింది ఇంకోటి. మొదటి ఏళ్లలో అస్సలు తగ్గకుండా ఉన్నవాళ్లలో కూడా దాదాపు 16 శాతం మంది ఆ తర్వాత, ఆలస్యంగా, కోలుకున్నారు. పన్నెండేళ్లు అయింది కాబట్టి ఇంతే అనడానికి ఆధారం లేదని నేననేది అందుకే.

మూడోది అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రం. అక్కడి ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో వెనక వార్డుల్లో ఏళ్లతరబడి పడి ఉన్న 269 మందిని 1950ల మధ్యలో జార్జ్ బ్రూక్స్ అనే డాక్టరు పునరావాస కార్యక్రమంలో పెట్టి, పని నేర్పించి, ఇల్లు చూపించి బయటికి పంపారు. సగటున 32 ఏళ్ల తర్వాత కోర్టెనే హార్డింగ్ బృందం వాళ్లని వెతికింది. 1987లో ఫలితాలు రాశారు, సగం నుంచి మూడింట రెండొంతుల మంది బాగుపడ్డారు లేదా చెప్పుకోదగినంత మెరుగయ్యారు. వీళ్లు తేలిక కేసులు కాదు అక్కా, ఆసుపత్రి ఆశ వదిలేసిన మనుషులు. తర్వాత పక్కనున్న మెయిన్ రాష్ట్రంలో వయసూ జబ్బూ సరిపోయే 269 మందిని పోల్చి చూశారు. అక్కడ అలాంటి పునరావాసం లేదు. వెర్మాంట్ వాళ్లే పనిలోనూ లక్షణాల్లోనూ బాగున్నారు.

ఆ డాక్టరుగారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు కానీ ఒకటి ఆలోచించండి. ఓపీలో రోజూ కూర్చునే డాక్టరుకి మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లే కనపడతారు. బాగైనవాడు నాయుడుపేటలో కొట్టు పెట్టుకుని ఉంటాడు, నేను బాగున్నానని చెప్పడానికి టోకెను తీసుకుని లైన్లో నిలబడడు కదా. పరిశోధకులు దీన్ని వైద్యుల భ్రమ అన్నారు, 1984లోనే.

కందుకూరు జిరాక్స్:
నేను ఇంటివాణ్ణి కాదమ్మా, జబ్బున్నవాణ్ణే. వయసు 46. జబ్బుకి 21 ఏళ్లు. కందుకూరులో జిరాక్స్ కొట్టు నడుపుతున్నాను, ఆధార్ ప్రింట్లూ పాస్‌ఫొటోలూ. మూడుసార్లు ఆసుపత్రిలో పడ్డాను, అందులో రెండుసార్లు బాగున్నాను కదా అని నా అంతట నేను మాత్రలు మానేస్తేనే.

గొంతులు పూర్తిగా పోలేదు. మొదట్లో చెవిలో నోరు పెట్టి అరిచినట్టుండేవి. ఇప్పుడు పక్కింట్లో టీవీ పెట్టినట్టు ఉంటాయి, కొట్లో జనం ఉంటే అసలు తెలియవు, కరెంటు పోయి మిషను ఆగిపోయినప్పుడు వినపడతాయి. కాబట్టి ఆ 13.5 శాతంలో నేను లేను. కానీ పోయినేడు మా చెల్లెలి కూతురి పెళ్లికి పత్రికలన్నీ నా చేత్తో కొట్టించాను. మీ తమ్ముడితో చెప్పండి, మొదటి పదేళ్లు నేనూ స్నానానికి రెండుసార్లు చెప్పించుకున్నవాణ్ణే. బద్ధకం అనుకునేవాళ్లు ఇంట్లో. బద్ధకం కాదు. లేచి బకెట్ దాకా వెళ్లాలంటే పెన్నలో ఎదురీదినట్టు ఉండేది.

పొదిలి నాన్న:
అందరూ బాగైన కథలే రాస్తున్నారు. మావాడికి 41. ఇరవై ఏళ్లుగా చూపించని ఆసుపత్రి లేదు. నెల్లూరు, ఒంగోలు, గుంటూరు, వేలూరు అన్నీ తిరిగాం. రెండెకరాలు పోయింది. ఇప్పటికీ రాత్రంతా వసారాలో తిరుగుతూనే ఉంటాడు, వాళ్లమ్మ నిద్రపోయి ఎన్నాళ్లయిందో. సగంమంది బాగవుతారంటున్నారు, మంచిదే, మిగతా సగం ఎవరో కూడా చెప్పండి. మేం ఏదో తప్పు చేసి ఉంటామనే కదా ఈ లెక్కలు చదివినవాళ్లు అనుకునేది.

గూడూరు–మద్రాసు:
అయ్యా, క్షమించండి. మీరన్నది న్యాయం. ఏ అధ్యయనం చూసినా ఎంత మంచి వైద్యం, ఎంత మంచి కుటుంబం ఉన్నా తగ్గనివాళ్లు కొంతమంది ఉన్నారు. అది ఎవరి తప్పూ కాదు. జబ్బు ఒకే పేరు కింద ఉన్నా దాని నడక మనిషికో రకంగా ఉంటుందన్నదే ఈ పరిశోధనలన్నీ చూపించిన మొదటి సంగతి.

19వ శతాబ్దం చివర్లో జర్మనీలో క్రెపెలిన్ ఈ జబ్బుని విడిగా గుర్తించినప్పుడు ఇది మెదడు రానురాను క్షీణించే జబ్బే అనుకున్నాడు. స్కిజోఫ్రెనియా అన్న మాట 1908లో జ్యూరిక్‌లో ఆసుపత్రి నడిపిన యూజెన్ బ్లూలర్ పెట్టాడు. ఆయన కొడుకు మాన్‌ఫ్రెడ్ ఆ ఆసుపత్రి ప్రాంగణంలోనే రోగుల మధ్య పెరిగి, తనూ డాక్టరై, తండ్రి కుర్చీలోనే కూర్చుని 208 మందిని ఇరవై ఏళ్లకి పైగా స్వయంగా కనిపెట్టి ఉన్నాడు. ఎవరో పంపిన కాగితాలు కాదు, ఆయన వాళ్లని ఎరుగును. సగటున ఐదేళ్ల తర్వాత జబ్బు ఇంక ముదరదు, ఏమన్నా మారితే మంచివైపే మొగ్గుతుంది అని 1972లో రాశాడు. సగటు మాత్రమే. మీ అబ్బాయి దుఃఖాన్ని ఆ సగటు తీర్చదని నాకు తెలుసు.

ఒక్కటి అడగొచ్చా, క్లోజపిన్ అనే మందు వాడి చూశారా?

ఒంగోలు సిస్టర్:
నేను మానసిక వార్డులో పదిహేనేళ్లు చేసిన స్టాఫ్ నర్సుని. పొదిలి అన్నగారూ, రెండు రకాల మందులు సరైన మోతాదులో, సరిపడినన్ని వారాలు వాడినా తగ్గకపోతే తర్వాత అడగాల్సింది క్లోజపిన్ గురించే. రక్తంలో తెల్లకణాలు పడిపోయే ప్రమాదం కొద్దిమందికి ఉంటుంది, అందుకని మొదట్లో ప్రతివారం రక్తపరీక్ష చేయించాలి, ఆ తిరుగుడు భరించలేకే మన వైపు చాలామంది మొదలుపెట్టరు లేదా మధ్యలో వదిలేస్తారు. మలబద్ధకాన్ని కూడా తేలిగ్గా తీసుకోకూడదు ఆ మందుతో. కానీ నా కళ్లముందు ఎనిమిదేళ్లుగా మాట్లాడని మనిషి మూడో నెలలో ‘సిస్టర్, టీలో చక్కెర తక్కువైంది’ అన్నాడు. ఆ రోజు మేమంతా ఏడ్చాం. అందరికీ అలా జరగదు. అడగకుండా మాత్రం ఉండొద్దు.

ఇంకో సంగతి ఎవరూ రాయలేదు. ఈ జబ్బున్నవాళ్లు మిగతావాళ్లకంటే పదీ ఇరవై ఏళ్లు ముందే పోతున్నారని చాలా దేశాల లెక్కలు చెప్తున్నాయి. కొంత ఆత్మహత్యల వల్ల, ఎక్కువ భాగం గుండెజబ్బు, షుగరు, సిగరెట్ల వల్ల. మనసు కుదుటపడిందని సంతోషించి బీపీ, షుగరు చూపించడం మర్చిపోతాం. ఏడాదికి ఒకసారైనా చూపించండి, నడుం చుట్టుకొలత కూడా రాసిపెట్టుకోండి.

మార్కాపురం కుర్రాడు:
ఇంతమంది మందుల గురించే మాట్లాడుతున్నారు గానీ అమెరికాలో మార్టిన్ హారో అనే ఆయన షికాగోలో పదిహేనేళ్లు ఇరవై ఏళ్లు చూసి, మందులు మానేసినవాళ్లే బాగున్నారని తేల్చాడు. మానేసినవాళ్లలో 40 శాతం కోలుకుంటే, వాడుతున్నవాళ్లలో 5 శాతమే. దీని గురించి డాక్టర్లు ఎందుకు చెప్పరు? మా అన్నకి ఆ మందులతో వంద కిలోలు దాటింది, చేతులు వణుకు, రోజుకి పద్నాలుగు గంటలు నిద్ర. నేను రెండు నెలల్లో ఆపించేద్దామనుకుంటున్నా.

కందుకూరు జిరాక్స్:
తమ్ముడూ, ఆపించొద్దు. అలా ఆపి రెండుసార్లు వెళ్లి వచ్చినవాణ్ణి నేను. రెండోసారి మా అమ్మ మీద చెయ్యి చేసుకున్నాను. ఆమె పోయింది, వేరే జబ్బుతోనే పోయింది గానీ, ఆ రోజు ఆమె మొహం నాకు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది.

గూడూరు–మద్రాసు:
హారో లెక్క నిజమే, కానీ దాని అర్థం వేరు. ఆయన ఎవరికీ మందు ఆపించలేదు, ఎవరు వాడుతున్నారో ఎవరు మానేశారో చూసి రాసుకున్నాడు, అంతే. మానగలిగినవాళ్లు మొదటినుంచీ కాస్త తేలిక జబ్బు ఉన్నవాళ్లు, జబ్బు రాకముందు బాగా నిలదొక్కుకున్నవాళ్లు అని ఆయనే రాశాడు. కర్ర లేకుండా నడిచేవాళ్ల కాళ్లు గట్టిగా ఉన్నాయని, కుంటేవాడి చేతిలో కర్ర లాక్కుంటే కాళ్లు బాగవుతాయా?

సగంమందికి ఇచ్చి సగంమందికి తగ్గించి చీటీలు తీసినట్టు విడదీసి చూసిన అధ్యయనాలు వేరే ఉన్నాయి. నెదర్లాండ్స్‌లో వుండెరింక్ బృందం 2013లో రాసినదాని ప్రకారం మొదటిసారి జబ్బు వచ్చి తగ్గినవాళ్లకి డాక్టర్ల పర్యవేక్షణలో మోతాదు తగ్గిస్తే మొదట్లో తిరగబెట్టడం ఎక్కువైంది, కానీ ఏడేళ్లకి చూస్తే కోలుకున్నవాళ్లు 40 శాతం, మామూలుగా వాడినవాళ్లలో 18 లోపు. చూడు, నీ మాటకి బలం ఇచ్చేది కూడా దాచకుండా చెప్తున్నా. కానీ హాంగ్‌కాంగ్‌లో 178 మందితో చేసిన దాంట్లో, మొదటి ఒకటి రెండేళ్లలోనే మందు ఆపినవాళ్లలో పదేళ్లకి 39 శాతం మంది పరిస్థితి బాగాలేదు, కొనసాగించినవాళ్లలో 21 శాతం. ఏళ్లతరబడి జబ్బున్న 253 మందితో ఇంగ్లండ్‌లో చేసినది 2023లో వచ్చింది. మెల్లగా తగ్గించినా రెండేళ్లలో తీవ్రంగా తిరగబెట్టడం 25 శాతం, తగ్గించనివాళ్లలో 13. పనిలోనూ నలుగురితో మెలగడంలోనూ తేడా ఏం రాలేదు.

కాబట్టి మీ అన్న బరువు, వణుకు, నిద్ర ఇవన్నీ నిజమైన కష్టాలు, వాటికోసం డాక్టరుతో పోట్లాడాలి. మందు మార్చమను, మోతాదు మెల్లగా తగ్గించగలమా అని అడుగు, వణుక్కి వేరే చికిత్స ఉందేమో అడుగు. ఇంట్లో మనమే రెండు నెలల్లో ఆపేయడం ఈ అధ్యయనాల్లో ఏ ఒక్కటీ చెయ్యమనలేదు.

మార్కాపురం కుర్రాడు:
సరే అన్నా. ఆపను. ఫైలు తీసుకుని నేనే వెళ్లి అడుగుతా. ఇన్నాళ్లూ మా నాన్న ఒక్కడే వెళ్లి అవే మాత్రలు రాయించుకొస్తున్నాడు, అన్నని చూసి ఏడాది దాటింది డాక్టరు.

ఉలవపాడు తోట:
మా పెద్దమ్మ కొడుకుది చెప్తా. పెళ్లి చేస్తే కుదురుకుంటాడని జబ్బు సంగతి దాచి చేశారు. మందు చీటీలన్నీ ధాన్యం గాదెలో దాచారు. పెళ్లి హడావుడిలో నిద్ర లేక, మాత్రలు ఎక్కడ వేసుకుంటే బయటపడుతుందోనని మానేసి, పదహారు రోజుల పండగ లోపే తిరగబెట్టింది. ఆ పిల్ల ఇప్పుడు పుట్టింట్లో ఉంది, ఏ నేరం చేసిందని? పొదలకూరు అక్కా, మీ బంధువులు ఎవరన్నా పెళ్లి మాట ఎత్తితే జబ్బు సంగతి ముందు చెప్పే చెయ్యండి, లేదా చెయ్యొద్దు.

గూడూరు–మద్రాసు:
ఇది నేను ఫీల్డులో కళ్లారా చూసిందే. ఆడవాళ్లకి జబ్బు వస్తే ఇంకా ఘోరం. మొగుడు వదిలేస్తే చూసే దిక్కు వృద్ధులైన తల్లిదండ్రులే. మానసిక వైద్యురాలు ఆర్. తార గారి బృందం మద్రాసులో అలాంటి ఆడవాళ్ల గురించి విడిగా 2003లో రాసింది.

ఆమె నడిపిన మద్రాసు అధ్యయనం గురించి చెప్పాలి, మన నెల్లూరు వాళ్లకి అది ఇంటి పక్కదే కదా. 1980ల మొదట్లో తొలిసారి జబ్బు వచ్చిన 90 మందిని తీసుకుని ఇరవై ఏళ్ల తర్వాత కూడా 61 మందిని చూడగలిగారు. మధ్యమధ్య తిరగబెట్టినా ఎక్కువమంది జబ్బులోనే మునిగి ఉండిపోలేదు. ఆ 61 అన్న అంకె వెనక ఎంత నడక ఉందో నాకు తెలుసు. నేను చేసినది వేరే అధ్యయనం, కానీ పని అదే. పాత అడ్రసు పట్టుకుని వెళ్తే ఆ వీధే ఉండదు, అపార్ట్‌మెంట్ లేచి ఉంటుంది. ఇస్త్రీ బండి ఆయన్ని అడిగితే పాలవాణ్ణి చూపిస్తాడు, పాలవాడు మేనమామ ఊరు చెప్తాడు. ఒకసారి తలుపు తీసిన పెద్దాయనే నేను వెతుకుతున్న మనిషి, ‘జబ్బా, అది ఎప్పటి మాటయ్యా’ అని మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టాడు.

ఇంకొకటి, ఇండియాలో ఈ జబ్బు బాగా తగ్గుతుంది, మన కుటుంబాల గొప్పతనం అని చాలామంది చెప్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనాల్లో ఆగ్రా, చండీగఢ్ ఫలితాలు పాశ్చాత్య నగరాలకంటే బాగున్న మాట నిజం. ఇంట్లో సూటిపోటి మాటలు, కోపం, అతిగా పట్టించుకోవడం తక్కువగా ఉంటే తిరగబెట్టడం తగ్గుతుందని లండన్‌లోనూ, 1987లో చండీగఢ్‌లోనూ చూశారు. కానీ అంత తేలిగ్గా అనొద్దని 2008లో ప్రశ్నించినవాళ్లలో తార గారు కూడా ఉన్నారు. మన దగ్గర ఎంతోమంది వైద్యమే అందకుండా ఉన్నారు, ఇల్లు వదిలి పోయినవాళ్లు లెక్కలోకే రారు. కుటుంబం అంటే ఎవరు చెప్పండి? పొదిలి అయ్యగారి భార్యలాగా నిద్ర మానుకున్న ఒక అమ్మ. ఆమెకి ఆసరా ఇవ్వకుండా కుటుంబాన్ని పొగిడి లాభం లేదు.

పొదిలి నాన్న:
ఈ చివరి మాట మా ఇంటామెకి చదివి వినిపించాను. క్లోజపిన్ ఎప్పుడూ వాడలేదు. పేరు కూడా ఇప్పుడే విన్నాను. మా మండలం నుంచి వారం వారం రక్తపరీక్షకి ఒంగోలు రావాలంటే కష్టమే, అయినా కనుక్కుంటాను. సదరం సర్టిఫికెట్ ఈ జబ్బుకి ఇస్తారా?

ఒంగోలు సిస్టర్:
ఇస్తారు అన్నగారూ. 2016 వికలాంగుల చట్టంలో మానసిక జబ్బు ఉంది. 40 శాతం, ఆపైన వస్తే పింఛనుకి అర్హత ఉంటుంది. పాత చీటీలన్నీ తీసుకెళ్లండి, అబ్బాయి పనులు ఎంతవరకు తనే చేసుకుంటాడో దాచకుండా చెప్పండి, ఆ రోజు పరువుకి పోయి అన్నీ తనే చేసుకుంటాడనొద్దు. రక్తపరీక్ష మీ దగ్గర ల్యాబులో చేయించి రిపోర్టు ఫోన్లో పంపితే చాలంటారేమో డాక్టరుని అడగండి. అర్ధరాత్రి చెయ్యి దాటిపోతోందనిపిస్తే 14416కి చెయ్యండి, టెలి మానస్, తెలుగులో మాట్లాడతారు. అమ్మగారు కూడా చెయ్యొచ్చు, తన కోసమే.

పొదలకూరు అక్క:
అందరి మాటలూ మూడు రోజులుగా చదువుతున్నా. నేనొకటి ఒప్పుకోవాలి. పోయినేటి వరకూ మా అమ్మ మాత్ర నూరి పెరుగన్నంలో కలిపేది. తమ్ముడు ఒకరోజు అడుగున తెల్లటి నలుసు చూసి కంచం పక్కకి జరిపి, ఏమీ అనకుండా లేచి వెళ్లాడు. అరిచినా బాగుండేది. తర్వాత వారం రోజులు అరటిపండ్లూ, సీల్ తీయని బిస్కెట్ ప్యాకెట్లూ తప్ప ఏం తినలేదు. అప్పటినుంచి మాత్ర అతని చేతికే ఇస్తున్నాం, వేసుకుంటున్నాడు కూడా. కానీ అమ్మ వడ్డిస్తే ఇప్పటికీ ఒకసారి కలిపి చూసి గానీ తినడు.

కందుకూరు జిరాక్స్:
నాకూ కలిపారమ్మా, సాంబార్లో. విషం పెడుతున్నారని నాకు జబ్బులో అనిపించేది, తీరా చూస్తే నిజంగానే ఏదో కలుపుతున్నారు. ఇక ఏది నమ్మాలి? మీ అమ్మ భయంతో చేసింది, అది మీ తమ్ముడికి ఎప్పటికైనా అర్థమవుతుంది. ఆమెనే ఒకసారి నేరుగా చెప్పమనండి, ‘తప్పు చేశాన్రా’ అని. మా అమ్మ చెప్పింది. ఇంకోటి, 2017 మానసిక ఆరోగ్య చట్టంలో జబ్బు ముదిరినప్పుడు నాకు ఏ వైద్యం కావాలో వద్దో బాగున్నప్పుడే రాసిపెట్టుకునే వీలుంది. నా తరఫున ఎవరు మాట్లాడాలో కూడా. నేను మా చెల్లెలి పేరు పెట్టాను. మీ తమ్ముడు ఎవరి పేరు చెప్తాడో అడగండి.

పొదలకూరు అక్క:
అడిగాను. నా పేరే చెప్పాడు.

వెర్మాంట్ సంగతి కూడా చదివి వినిపించాను. అంతా విని ‘వాళ్ల చేత ఏం పని చేయించారు?’ అని అడిగాడు. నాకు తెలియదన్నాను. మర్నాడు తెల్లవారుజామున మా మామ నిమ్మకాయల యార్డుకి బండి కడుతుంటే వెళ్లి పక్కన కూర్చున్నాడు. ఎవరూ పిలవలేదు. అక్కడ జనంలోకి పోలేదు, షెడ్డు చివర స్తంభం పక్కన గోనెపట్టా పరుచుకుని పెద్దకాయా చిన్నకాయా, పచ్చకాయా పండుకాయా వేరుచేస్తూ రెండు గంటలు కూర్చున్నాడట. మచ్చ ఉన్న కాయని వేలితో రుద్ది చూసి, పోని మచ్చయితేనే పక్కన పెట్టాడట. తర్వాత చాలనిపించి ఒక్కడే నడిచి వచ్చేశాడు. ఈరోజు వెళ్లలేదు, పడుకున్నాడు. నేను లేపలేదు.

సోమవారం మా పాత డాక్టరుగారు వస్తారు. మోతాదు గురించీ, బీపీ షుగరు గురించీ నేను అడగాల్సినవి రాసుకున్నాను. తమ్ముడు కూడా ఒక కాగితం మీద ఏదో రాసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నాకు చూపించలేదు. వెళ్లి వచ్చాక రాస్తాను.